కుడి ముందా, ఎడమ ముందా

శంషాబాద్‌లో మ్యాపులు గీసే కంపెనీలో నా పని చిన్నదే. కొత్త రోడ్డు కింద ఎవరి పొలం ఎంత పోతుందో కంప్యూటర్‌తో గీయించడం. పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. దాని పేరు, రోడ్డు గీత ఉన్న ఫైలు, తర్వాత రెండు అంకెలు ఒకే వరుసలో కొట్టాలి: గీతకు కుడివైపు ఎన్ని మీటర్లు, ఎడమవైపు ఎన్ని.

ఒకరోజు పాల్మాకుల అవతల నుంచి ఒక రైతు వచ్చాడు. పొలం మూలన భార్య సమాధి ఉందట.

"మా ఆమె సమాధి రోడ్డుల పోతదా సార్?"

కమాండ్ నడిపాను. పోతుందనే వచ్చింది.

"జర ఇంకోపాలి చూడుండ్రి సార్."

విసుగొచ్చింది. పై బాణం మీట నొక్కితే ఇందాక కొట్టిన వరుసే మళ్ళీ వచ్చింది. చదవకుండానే ఎంటర్ కొట్టాను. మా ఆఫీసులో మళ్ళీ చూడటమంటే ఇంతే. "పోతది పెద్దాయనా," అన్నాను.

పది రోజులకు వేరే ఊరి మ్యాపులో రోడ్డు చెరువులోకి జరిగింది. అప్పుడుగానీ ప్రోగ్రామ్ తెరిచి, నేనిచ్చిన అంకెల్ని అది ఎలా తీసుకుంటోందో చూడలేదు. కొత్త వెర్షన్‌లో ఎడమ ముందు, కుడి తర్వాత. నా చేతులేమో పాత అలవాటుతో కుడే ముందు కొడుతున్నాయి. రెండూ అంకెలే కాబట్టి అది కిమ్మనలేదు. మొరిగే కుక్క కరవదంటారు. ఇది అసలు మొరగనే లేదు.

ఏ వైపో పేరు చెబితే తప్ప అంకె తీసుకోకుండా ప్రోగ్రామ్ మార్చి, రైతు పొలం మళ్ళీ గీయించాను. సమాధి రోడ్డుకు పదకొండు మీటర్ల అవతల ఉంది. సంతోషంతో బండి తీశాను. తప్పు చేసినవాడికి అంత సంతోషమేమిటో!

పొలం మూలన గుంత ఉంది. పక్కన విరిగిన ఇటుకలు. జేసీబీ ముట్టకముందే రైతు తనే తవ్వి, ఎముకలు మూటగట్టి, కృష్ణలో కలిపి వచ్చాడట. అయినా మ్యాపు తప్పని చెప్పాను. ఆయన గట్టు మీద కూలబడ్డాడు.

"నా బిడ్డ వద్దన్నది సార్. అమ్మను కదిలియ్యకు బాపు అని కాళ్ళు పట్టుకున్నది. నేనే ఇనలే." నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ముచ్చట దానికి చెప్పకుండ్రి. మీకు దండం పెడుత."

చెప్పనన్నాను. అప్పుడు నాకు ముందు కలిగింది బాధ కాదు, నా తప్పు బయటపడదన్న ఊరట. ఆయన చేతులు జోడిస్తుంటే ఆపను కూడా లేదు.