నాలుగో చప్పుడు

ఆ గురువారం నా పనుల పుస్తకంలో ఇలా ఉంది: పాలు కాచాను. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. చింతపండులో గింజలు తీశాను. మిగిలినవి: దేవుడి సామాను తోమడం, బియ్యం చెరగడం.

బియ్యం చేటలో పోసుకుంటుండగా ఫోను మోగింది.

"అక్కా, నేను మీకు తెల్వదు. ఎల్‌బీ నగర్ నుంచి మాట్లాడుతున్న. మా ఆయన తెల్లారంగ దవాఖానల పానం ఇడిసిండు. ఆయన ఫోనుల 'దిల్‌సుఖ్‌నగర్ అక్క' అని ఉన్నది. చెప్పాలె గదా అని చేసిన."

పేరు అడగాల్సిన పని లేకపోయింది. బియ్యం మళ్లీ డబ్బాలో పోసేశాను.

అతను తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా మేడమీద గదిలో కిరాయికున్న తమ్ముడు. నల్గొండ వైపు పల్లె. పగలు కోఠిలో యాంప్లిఫయర్లు బాగుచేసేవాడు. మేము గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం.

మొదట నేను మేడ ఎక్కింది పోట్లాటకే. సాయంత్రమైతే చాలు, కప్పు మీద రోకలి పడుతున్నట్టు ఒకటే దెబ్బ.

"ఏంటి తమ్ముడూ, పైన కారం కొడుతున్నావా?" అన్నాను.

అతను సిగ్గుపడలేదు సరికదా, ఆత్రంగా అడిగాడు: "కిందికి గా దెబ్బ ఒక్కటే ఒస్తున్నదా అక్కా, ఇంకేమన్న ఒస్తున్నదా?"

అతను కంప్యూటర్లో చేసే సంగీతాన్ని మినిమల్ టెక్నో అంటారట. అందులో పాట ఉండదు, మాట ఉండదు. ఒక దెబ్బ నడుస్తూ ఉంటుంది, దాని చుట్టూ కొన్ని చప్పుళ్లు తిరుగుతుంటాయి. ఎంత తక్కువ చప్పుళ్లతో అది నిలబడుతుందన్నదే అతని తంటా. ఆ రోజు అతని కంప్యూటర్లో పదకొండు ఉన్నాయి.

"ఇన్నెందుకయ్యా?"

"గదే నాక్గూడ సమజైతలేదు."

ఇస్త్రీకి వేసే బట్టలు రాసుకునే పుస్తకంలోనే ఆ పదకొండూ రాశాను. దెబ్బ, కింద గురగురలాడేది, టిక్కు, చప్పట్లలాంటిది, గాలిలాంటిది... అతను నాకు తెలియకుండా ఒకటి ఆపేవాడు. ఏది పోయిందో నేను చెప్పాలి. చెప్పలేకపోతే దాన్ని కొట్టేయాలి. "చారుల ఇంగువ మరిస్తే దొరకవడ్తరు గద, గట్ల" అని నవ్వేవాడు. అతను తరచూ అనే మాట ఒకటుంది: "తీసినంక యాదికొస్తే అది ఉండాలె అక్కా. యాదికి రాలేదనుకో, ఎన్నడూ లేనట్టే."

దీక్షా శిబిరంలో మైకులు బిగించడానికి వెళ్లి ఒకరోజు మెరిసే కళ్లతో తిరిగొచ్చాడు. కరెంటు పోయి మైకులన్నీ ఆగిపోయాయట. ఒకాయన డప్పు ఒక్కటే కొడితే కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారట. ఆ సాయంత్రం పుస్తకంలో ఇంకో మూడు కొట్టేశాం. మూడే మిగిలాయి.

నాలుగోది బంద్ రోజున దొరికింది. రోడ్డు మీద ఒక్క బండి లేదు. నేను వరండాలో బియ్యం చెరుగుతున్నాను. అతను మెట్ల మీదే ఆగిపోయి, పరుగున వెళ్లి మైకు తెచ్చాడు.

"ఆగకుండ్రి అక్కా, గట్లనే చెరుగుండ్రి!"

చేటలో బియ్యం ఎగిరిపడే సవ్వడి అది. దాన్ని ఆ మూడింటి మధ్య పెట్టి వినిపించాడు. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. కానీ ఉంచాలో తీయాలో తేల్చుకోలేక "వారం ఆగు" అన్నాను.

వారం తిరిగేసరికి మా బావగారు వచ్చి కూర్చున్నారు. "ఇల్లు అమ్మేసి గుంటూరు వచ్చేయండి, ఇక్కడ మనల్ని ఎవరుంచుతారు?" అని ఒకటే పోరు. నా తల వేడెక్కి ఉన్నప్పుడే తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, చేట ఉంచాల్నా, తియ్యాల్నా?"

"మమ్మల్నే ఉంచుతారో లేదో తెలీదు, నా చేట గొడవ మీకెందుకయ్యా?"

"నేను మిమ్ముల పొమ్మంటనా అక్కా?" అని మెల్లగా అడిగి మేడెక్కాడు. నా కోపం అతని మీద కాదని చెప్పడానికి నాలుగు మెట్లు ఎక్కలేకపోయాను.

మేము ఎక్కడికీ పోలేదు. అతనే ఎల్‌బీ నగర్ మారాడు. పండగలకు ఫోను చేసేవాడు, మా ఆయన మోకాళ్ల గురించి అడిగేవాడు. చేట మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పదకొండో రోజున మెట్రోలో వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక అతని భార్య, నాకు ఫోను చేసిన ఆ అమ్మాయి, అతని కంప్యూటర్ తెరిచింది. "ఈ రెండు ఫైళ్లు ఎన్నడూ తీసెయ్యనియ్యలే అక్కా. ఒకదాని పేరు 'చేట లేదు', ఇంకోదాని పేరు 'చేట ఉంది, అక్క చెప్పాలె'. గా అక్క మీరేనా?"

చేట లేనిది ముందు పెట్టమన్నాను. దెబ్బ, గురగుర, టిక్కు. శుభ్రంగా ఉంది, ఎక్కడా తప్పు లేదు. సగానికి వచ్చేసరికి నా రెండు చేతులూ ఒళ్లో వాటంతటవే కదులుతున్నాయి, చేట పట్టుకున్నట్టు.

"ఉంచాలమ్మా" అన్నాను. రెండోది వినకుండానే.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, పేరులో 'అక్క చెప్పాలె' చెరిపేసింది. అప్పుడు రెండోది పెట్టింది. మా వరండా, ఆ బంద్ పొద్దు వచ్చి ఆ గదిలో కూర్చున్నాయి.

ఇవాళ డబ్బాలో బియ్యం తీసి చెరిగాను. ఆ చప్పుడుకు పైన మెట్ల మీద ఎవరూ ఆగలేదు. చెరిగినంతసేపూ అటే చూశాను.

ఆ గురువారం పేజీ తెరిచి, మిగిలిన పనుల కింద రాశాను: తమ్ముడికి ఒక జవాబు బాకీ. చెల్లింది.