సక్రి యాడి చింతపండు

ఇల్లందులో మా పాత క్వార్టర్ల లైనుకు చివరి ఇల్లు సక్రిది. ఇంటి ముందు తాటాకు పందిరి, పందిరి కింద ఈతచాప, చాప మీద గుట్టగా పోసిన చింతపండు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా లైను పిల్లలంతా ఆ గుట్ట చుట్టూ చేరి గింజలు కొడుతుండేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు చూసి, ముసలామె భలే ఉపాయం పట్టింది, కూలి లేకుండా పని చేయించుకుంటోంది అనుకునేవాళ్ళు. అనుకోనీ. మా ఆడవాళ్ళకు అసలు సంగతి తెలుసు. తెలిసినా పైకి అనే ధైర్యం ఒక్కరికీ లేదు, నాతో సహా.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఇళ్ళ గురించి చెప్పాలి. ముందొక గది, వెనక వంటిల్లు, అంతే. ఆ గదిలోనే మంచం, బీరువా, టీవీ, పిల్లల పుస్తకాలు, వచ్చిన చుట్టం. బొగ్గుబాయి మనిషితో కాపురమంటే షిఫ్టుతో కాపురం. ఒక వారం పొద్దున పోతాడు, ఒక వారం మధ్యాహ్నం పోతాడు, ఒక వారం రాత్రి పోతాడు. బడి నడిచే రోజుల్లో పరవాలేదు. నైట్ షిఫ్టు దిగి వచ్చి ఓ నిద్ర తీస్తే, లేచేసరికి పిల్లలు బడిలో ఉంటారు. మొగుడూ పెళ్ళాం కలిసి అన్నం తింటారు, ఒక మాట చెప్పుకుంటారు, ఒకసారి నవ్వుకుంటారు. సెలవులొస్తే అదంతా బంద్. మా ఆయన పడుకుంటే మావాడు ఆయన కాళ్ళ మీదుగా దూకుతాడు, పిల్లేమో ఆయన తల పక్కనే అష్టాచెమ్మా గీస్తుంది. నెలా పదిహేను రోజులు మేమిద్దరం మాట్లాడుకునే మాటలు "ఉప్పు లేదు," "నీళ్ళొచ్చినై" ఈ రెండే. మిగతాదంతా కళ్ళతో కసురుకోవడమే.

నాకు పెళ్ళైన కొత్తలో ఈ కష్టం తెలియదు. పిల్లలు బడికి పోయే వయసొచ్చాక తెలిసింది. అట్లాంటి ఒక ఎండాకాలం నేను నల్లా దగ్గర బిందె ధనామని పెట్టినప్పుడు సక్రి నా మొహం చూసింది. 

"హైమా, మా తండా నుంచి చింతపండు వచ్చింది. నా చేతులు నొస్తున్నై. నీ పోరగాండ్లను జర పంపు, గింజలు కొడ్తరు," అంది.

ఆమె చేతులకు ఏ నొప్పీ లేదు. రెండు బిందెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని పోయే మనిషి. నేను మాత్రం మారు మాట్లాడకుండా పంపాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో గడియారం చప్పుడు వినపడింది. ఇంట్లో గడియారం ఉందన్న సంగతే మరిచిపోయాను. మా ఆయన లేచి, చుట్టూ చూసి, "పిల్లలేరీ?" అని భయపడ్డాడు. గింజలు కొట్టడానికి పోయారన్నాను. ఆయన అప్పుడు నవ్విన నవ్వు నేను పెళ్ళిచూపుల్లో చూసిందే.

సక్రిది మా ఊరికి దగ్గర్లోనే ఒక తండా. పిల్లలు ఆమెను "యాడీ" అని పిలుస్తారు. వాళ్ళ భాషలో అమ్మ అని. మా పిల్లలకు లంబాడా భాషలో వచ్చిన మొదటి మాట అదే. సక్రిది పెద్ద గొంతు, కోపం వస్తే లైను ఈ చివరికి వినిపిస్తుంది. మొగుడు బిచ్యా బాయిలో బండ్లు తోసి, రిటైరై, పందిరి గుంజకు ఆనుకుని కూర్చునే మనిషి. ఎప్పుడు చూసినా మౌనమే. నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయనా అని నేను ఆటపట్టిస్తే దానికీ నవ్వి ఊరుకునేవాడు.

ఆమె పద్ధతి ఆమెదే. పిల్లలు లోపలికి రాగానే దడికి వెదురు కర్ర అడ్డం పెట్టేది. దాహమైనా ఆకలైనా అక్కడే. నీళ్ళు ఆమె ఇస్తుంది, జొన్న రొట్టె ఆమె పెడుతుంది. అమ్మ యాదికొచ్చిందని ఎవరైనా ఏడిస్తే ఇన్ని చింతగింజలు వేయించి చేతిలో పోస్తుంది. పొద్దు వాలి, ఆమె పళ్ళెం మోగించేదాకా ఒక్కరూ దడి దాటడానికి లేదు. మాకు కావాల్సిందీ అదే.

ఇక పిల్లల పనితనం చెప్పనే అక్కర్లేదు. సగం గింజలు పండులోనే, పెంకులు పండులోనే, ఈనెలు అట్లాగే. ఒకసారి మావాడి పన్ను కూడా అందులోనే దొరికింది. పిల్లలు పోయాక సక్రి దీపాల వేళ దాకా కూర్చుని అదంతా మళ్ళీ మొదటి నుంచి చేసుకునేది. నేను సాయం కూర్చోబోతే, "నీ ఇంటికి నువు పో," అని కసిరేది. ఒకసారి మాత్రం కసరకుండా ఒక మాట చెప్పింది.

"మా అత్త, మరుదులు, నలుగురు పిల్లలు, మేమిద్దరం. అందరం గా ఒక్క అర్రలనే. ఆయన షిఫ్టు ఆయనది, నా కూలి నాది. మేమిద్దరమే కూసున్న పగలు ఒక్కటన్న నాకు యాదికి లేదు. గిప్పుడు పిల్లలు ఎవరి బతుకు వాళ్ళు బతుకుతుండ్రు గని, గిప్పుడేం మాట్లాడాలె, హైమా? అలవాటే పాయె."

నేను చేతిలోకి తీసుకున్న పండు కింద పెట్టేశాను. ఆమె మాత్రం ఈనెలు లాగుతూనే ఉంది.

ఇప్పుడు కళ్యాణి సంగతి. రెండువేల ఆరులోనో ఏడులోనో, ఆ పిల్లా మొగుడు రాజేషూ మా పక్కింట్లోకి వచ్చారు. ముగ్గురు చిన్న పిల్లలు. రాజేష్ మంచివాడే, కానీ ఆ చలికాలం నుంచి మనిషి మారాడు. ఊరికే అరుస్తాడు, పళ్ళెం తోసేస్తాడు. సెలవులిచ్చాక మరీ ఘోరం. ఇంట్లో నిద్ర పట్టడం లేదని నైట్ షిఫ్టు దిగి బజారులో ఒక స్నేహితుడి గదికి పోవడం మొదలుపెట్టాడు. ఇక ఊళ్ళో వాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా? కళ్యాణి బట్టలు సంచుల్లో కుక్కింది.

"దుమ్ముగూడెం పోతున్న అక్కా, మా అమ్మోళ్ళ ఇంటికి," అంది నాతో. "ఈసారి పోతే మల్ల రాను."

ఆ పిల్ల ఊరికే అనే మనిషి కాదు. నేను కాళ్ళకు చెప్పులైనా లేకుండా సక్రి దగ్గరికి పరుగెత్తాను. సక్రి చీర కొంగు దోపుకుని వచ్చి, సంచుల వైపు చూసీ చూడనట్టు, కళ్యాణి చంకలో ఉన్న చిన్నదాన్ని తన చంకకు ఎత్తుకుంది.

"పోయేటిదానివి ఎట్లనూ పోతవు. వారం ఆగు. చింతపండు పాడైతుంది, పిల్లలను పంపు," అని, రాజేష్ ఉండే గదికి తన మొగుడిని పంపింది. బిచ్యా ఏం చెప్పి పిలుచుకొచ్చాడో దేవుడికే తెలియాలి. మాట్లాడని మనిషి మాటకు బలమెక్కువ కాబోలు, రాజేష్ ఇంటికి వచ్చి పడుకున్నాడు.

నాలుగైదు రోజులకు కళ్యాణి నల్లా దగ్గర నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది.

"సంక్రాంతికి ముందు బాయిల పైకప్పు బండ ఆయన పక్కనే పడ్డదట అక్కా. ఎవ్వరికీ చెప్పలే. దిగేటప్పుడల్లా కాళ్ళు వణుకుతున్నయట. నేను కోపమనుకున్న. భయమక్కా అది. నిన్న చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిండు. ఇంకా చెప్పేది ఉందట."

సంచులు విప్పావా అని అడిగాను. ఇంకా లేదంది. ఇంకొన్నాళ్ళు చూస్తానంది.

సరిగ్గా అప్పుడే పగిడయ్యకు చట్టం గుర్తొచ్చింది. పగిడయ్య మా ఎదురు లైనులో ఉండే ఆఫీసు గుమాస్తా. పొద్దున్నే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ఆ రోజంతా దాన్ని మా మీద ప్రయోగించే మనిషి. చెడ్డవాడని అనను. మంచి చేయాలన్న దురద ఎక్కువ. సెలవుల్లో తన ఇద్దరు పిల్లలను ఇంట్లోనే కూర్చోబెట్టి ఎక్కాలు రాయించేవాడు. ఆయన భార్య వనజ నలుగురిలో నోరు తెరవగా మేమెవరం చూడలేదు.

ఒక మధ్యాహ్నం పగిడయ్య సక్రి పందిరి ముందు నిలబడి గొంతెత్తాడు. లైనంతా పోగైంది.

"చిన్న పిల్లలతోని గిట్ల పని చేయించుడు నేరం. మీకు తెల్వదా? పేపర్ల రోజూ వస్తలేదా? నేను ఊరుకోను. ఆఫీసర్లకు చెప్త," అన్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు. "తల్లులు మీరు. మీరెందుకు పంపుతుండ్రు? చెప్పుండ్రి."

ఏం చెప్పాలి? మేమంతా తలలు వంచి మా కాలి వేళ్ళను కొత్తగా చూసినట్టు చూశాం. ఇట్లాంటి మాట అత్తల ముందు, బావల ముందు, ఎదిగే పిల్లల ముందు నోటితో ఎట్లా అంటారు? సక్రి ఒక్క ముక్క చెబితే అయిపోయేది. లైను మొత్తానికి వినపడే గొంతు కదా ఆమెది. ఆమె మా మొహాలన్నీ ఒకసారి చూసింది. మా సిగ్గు కాపాడటానికి నేరం నెత్తిన వేసుకుంది.

"సరే సారూ. రేపటి సంది ఎవ్వరిని రానియ్య," అని వంగి చాప కొస పట్టుకుంది.

నేను కళ్యాణిని చూశాను.  చాప చుడితే ఆ ఇంట్లో చెప్పాల్సిన మిగతా మాటలు ఎప్పటికీ చెప్పుకోరు, సంచులు దుమ్ముగూడెం బస్సెక్కుతాయి. నా నోరు ఎందుకు పెగల్లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో మా ఆయన మీద గంటసేపు ఆగకుండా నడిచే నోరు అది.

అప్పుడు రాజేష్ వచ్చాడు. నైట్ షిఫ్టు నిద్రలోంచి లేచిన మనిషి, లుంగీ, చెదిరిన జుట్టు, కళ్ళెర్రగా. ఏంది లొల్లి అని అడిగాడు. పగిడయ్య చట్టం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. రాజేష్ అంతా విన్నాడు. మేం ఒక అడుగు వెనక్కి వేశాం. ఈ మధ్య అతని కోపం చూసి ఉన్నాం.

"సారూ, మా పిల్లలను ఆమె పనికి పెట్టుకోలే," అన్నాడు, గొంతు పెంచకుండానే. "నేను పంపిన. నా పెండ్లంతోని మాట్లాడాలె. నాకు ఉన్నది ఒక్కటే అర్ర. పిల్లలుంటే మాట్లాడరాదు. గందుకే పంపిన."

 కళ్యాణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, కానీ అక్కడినుంచి కదల్లేదు. పగిడయ్య దీనికి ఏ చట్టం పనికొస్తుందా అని వెతుక్కున్నాడు. పేపర్లో ఈ సంగతి రాలేదు పాపం.

అంతలో వెనక నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. వనజది.

"ఏమండీ, మీరు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తరు గదా. రేపు మన పిల్లలను గూడ పంపుదాం."

ముందు నవ్వింది ఎవరో తెలియదు. నేనే అయ్యుంటాను. తర్వాత లైను లైనంతా నవ్వింది. అత్తలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు, బావలు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఇన్నేళ్ళుగా అందరం దాచిన సంగతి అందరిదీ ఒకటేనని అప్పుడు తెలిసింది. ప్రాణం ఎంత తేలికైందో చెప్పలేను. పగిడయ్య చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం తన పిల్లలిద్దరినీ తనే వేలు పట్టుకుని తెచ్చి దిగబెట్టాడు. ఎవరినీ చూడకుండా వచ్చి, ఎవరినీ చూడకుండా పోయాడు. సక్రి పిల్లలకు పీటలు వేసింది.

కళ్యాణి సంచులు విప్పింది. రాజేష్ తన భయం సంగతి ఇంట్లో చెప్పుకున్నాక బాయి పెద్దలతోనూ చెప్పుకుని కొన్నాళ్ళు బాయిలోకి దిగకుండా పైన పని అడిగాడు. ఇచ్చారు. అతను మునుపటిలా ఈల వేస్తూ సైకిల్ తుడుచుకోవడం చూసిన రోజు నేను లోపలికి పోయి దేవుడికి దండం పెట్టుకున్నాను.

బడులు తెరిచే ముందు ఆదివారం రాజేష్, కళ్యాణి ఒక పని చేశారు. ట్రాలీ ఆటో మాట్లాడి లైను పిల్లలందరినీ ఎక్కించుకుని, గోదావరి చూపిస్తామని భద్రాచలం తీసుకుపోయారు. పిల్లల్ని ఆపడానికి నేనూ తోడు పోయాను. సక్రి కూడా చీర మార్చుకుని తయారై వచ్చింది. రాజేష్ ఆమెను ఎక్కనివ్వలేదు.

"నువు ఇంట్ల ఉండు, యాడీ. చింతపండు ఇంకా మిగిలింది గదా," అన్నాడు.

ఆమెకు అర్థమైంది. "నీ నోట్ల మన్ను పడ," అని తిట్టి, చిన్నపిల్లలా మొహం తిప్పుకుంది. ఆటో మలుపు తిరిగేటప్పుడు చూస్తే దడి దగ్గర అట్లాగే నిలబడి ఉంది. వెనక పందిరి గుంజకు ఆనుకుని బిచ్యా.

మేము తిరిగొచ్చేసరికి పొద్దు గుంకింది. నిద్రపోయిన కళ్యాణి చిన్నదాన్ని భుజాన వేసుకుని నేను పందిరి దగ్గర ఆగాను. ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. బిచ్యా చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, వాళ్ళ భాషలో, ఆగకుండా. సక్రి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింటోంది. వాళ్ళ మధ్య చింతపండు గుట్ట పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఏంది యాడీ, ఒక్క గింజ గూడ కొట్టలేదా?" అన్నాను.

సక్రి ఆ గుట్టను అప్పుడే చూసినట్టు చూసింది.

"ఏడ, హైమా," అంది. "టైమే దొరకలే."