ఈరమ్మ పట్టిన దీపం

మా అత్త ఈరమ్మది హిందూపురం పక్కన పల్లె. పెండ్లికి ముందే బెంగళూరు పీణ్యలో ఒక మిషన్ షాపులో హెల్పరుగా చేరింది. అక్కడ ఆమె పని దీపం పట్టుకోవడం. నవ్వకండి, నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే.

సాన పట్టిన ఇనుప పలక చదునుగా వచ్చిందో లేదో చూడాలంటే దాని మీద ఒక ఇనుప బద్దను నిలబెట్టి, వెనక నుంచి దీపం చూపిస్తారు. బద్ద కింద వెలుతురు గీత కనబడితే అక్కడ పలక గుంట పడినట్టు. చూసేది ఇన్‌స్పెక్టరు, దీపం పట్టేది హెల్పరు. ఆ ఇన్‌స్పెక్టరే మా మామ వెంకటరాయప్ప. పెండ్లయినాక కూడా ఇరవై మూడేళ్లు ఇద్దరూ ఆ బల్ల దగ్గరే పనిచేశారు. వాళ్ల చేతుల మీదుగా పోయిన సరుకు వెనక్కి రాదని షాపులో పేరు. పేరంతా మామదే. రెండువేల ఆరులో రిటైరైతే ఆయనకు శాలువా, గడియారం, ముగ్గురి ఉపన్యాసాలు. అదే నెల మానేసిన అత్తకు ఒక స్టీలు డబ్బా.

ఇంటికొచ్చిన వాళ్లందరికీ మామ చెప్పేవాడు: "నా కన్ను అట్లాంటిదప్పా!"

"మరి అత్త?" అంటే, "అది దీపం పట్టుకుంటాండె" అనేవాడు.

అత్త కాఫీ ఇచ్చి లోపలికి పోయేది. ఆమెకు తిండికీ బట్టకీ లోటు లేదు, కూతురు నా దగ్గర సుఖంగానే ఉంది, మోకాళ్లు కూడా మాట వింటున్నాయి. ఒకటే కొరత. తాను చేసిందీ పనేనని ఆ మనిషి ఒక్కసారి ఒప్పుకోవాలి. ఈ మాట ఆమే ఒకరోజు రాగిముద్ద కెలుకుతూ నాతో అంది.

రెండువేల ఎనిమిదిలో నేనూ, నా స్నేహితుడు ఇస్సాకూ ఉద్యోగాలు మానేసి, రాజాజినగర్‌లో ఒక మేడగదిలో వీడియో గేమ్ తయారు చేస్తున్నాం. ఇద్దరు కలిసి ఆడాలి. ఒకరి బొమ్మ చేతిలో దీపం ఉంటుంది. దాన్ని ఎత్తితే, దించితే, జరిపితే గోడ మీద కుర్చీల నీడలూ కుండల నీడలూ సాగుతాయి, కుంచించుకుపోతాయి. రెండో బొమ్మ ఆ నీడల మీద నడిచి అవతలి గట్టు చేరాలి. నీడ జారితే గుంతలో పడుతుంది. ఆటలో మెట్టు మెట్టుకూ కష్టం పెరుగుతుంది. మూడో మెట్టు దగ్గర అందరూ పడుతున్నారు. పిలిచి ఆడించిన ప్రతి జంటా అరగంటకల్లా "నీ వల్లే", "కాదు, నీ వల్లే" అని కొట్లాడుకుని పోతోంది. ఆ మెట్టు తీసేద్దామన్నాడు ఇస్సాకు.

ఒక ఆదివారం మామా అత్తా చూసిపోదామని వచ్చారు. మామ కాసేపు చూసి, "ఇది కంటి పని కదప్పా! నేను నడుస్తా, దీపం ఆమెకియ్యి" అని జాయ్‌స్టిక్కు లాక్కున్నాడు.

పదకొండు నిమిషాల్లో మూడో మెట్టు దాటేశారు. ఇస్సాకు నోరెళ్లబెట్టాడు. నేను మాత్రం అత్తనే చూస్తున్నాను. మామ బొమ్మ ఎక్కడుందో ఆమె ఒక్కసారీ చూడలేదు. చూపంతా నీడ అంచు మీదే. ఆయన అడుగు ఎత్తేలోపే నీడ అక్కడికి వచ్చి ఉండేది. మేం పిలిచిన వాళ్లంతా దీపం చేతిలో పెట్టుకుని నడిచేవాణ్ణి చూశారు, అందుకే పడ్డారు.

"చూసినారా నా కన్ను!" అని మామ తొడ చరిచాడు.

అత్త మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. పిల్లనిచ్చిన మామ కదా, ఏమనగలను? "ఈసారి దీపం మీరు పట్టండి మామా, అత్త నడుస్తుంది" అన్నాను.

"దాందేముండాది!" అన్నాడు.

అత్త నాలుగడుగులు వేసి గుంతలో పడింది. ఎత్తాల్సిన చోట మామ దీపం దించాడు. మరోసారి మరీ దగ్గరికి తెచ్చి కుండ నీడను గోడంతా చేశాడు. ఆరోసారి పడ్డప్పుడు "నీకు నడక రాదు" అన్నాడు.

"నీడ లేని చోట ఎట్ల నడవల్లయ్యా?" అంది అత్త, నెమ్మదిగానే.

పదోసారికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, జాయ్‌స్టిక్కు బాగాలేదన్నాడు. ఇస్సాకు పాపం కొత్తది తెచ్చిచ్చాడు. దానితోనూ పడేశాడు.

మామ జాయ్‌స్టిక్కు ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "ఈరమ్మా" అన్నాడు. ఆయన ఆమెను పేరుపెట్టి పిలవగా నేను వినడం అదే మొదలు. "షాపులో దీపం ఇట్ల పట్టు, అట్ల పట్టు అని నేనెప్పుడన్నా చెప్తినా?"

"ఎప్పుడూ చెప్పలా."

"మరి గీత నాకెట్ల కనిపిస్తాండె?"

"నాకు కనిపించినాక, నీకు కనిపించేట్టు తిప్పుతాంటి."

"అంటే ముందు చూసేది నువ్వా?"

"ఇంకెవరు?" అంది అత్త.

మామ గట్టిగా ఊపిరి వదిలాడు. కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని, "ఎట్ల పట్టల్లో చెప్పు" అన్నాడు.

అత్త కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుని, "నన్ను చూడద్దు. నీడ అంచు చూడు" అంది. నా ప్రాణానికి హాయిగా ఉండింది ఆ క్షణాన.

ఆ తర్వాత కూడా అత్త ఏడుసార్లు గుంతలో పడింది. పడిన ప్రతిసారీ మామ "తప్పు నాదే" అన్నాడు. ఆమె నవ్వి మళ్లీ నడిచింది.