పై అంతస్తు ఆంటీ, నా షేర్ల భయం

మా పై అంతస్తు ఆంటీ గత మంగళవారం పొద్దున చనిపోయారు. ఆఫీసుకు బయలుదేరి లిఫ్టు కోసం నిలబడి ఉంటే వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఇకమీదట డబ్బు సంగతులు ఎవరిని అడగాలి అని. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ భయాన్ని దాచొద్దని నేర్పిన మనిషి గురించి రాస్తూ దాన్ని దాచలేను.

మేం కొండాపూర్‌లో ఈ అపార్ట్‌మెంట్‌కు కిరాయికి వచ్చి నాలుగేళ్లు. మాది అనంతపురం వైపు. నేనూ మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే. ఆంటీ బాలానగర్‌లో పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యారు. తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పెట్టడం ఆమె ఉద్యోగం. షేర్లు కొనే ముందు కంపెనీల వార్షిక నివేదికలను కూడా అలాగే చదివేవారు. ప్రింటు తీయించుకుని, చివరి పేజీల నుంచి మొదలుపెట్టి, కళ్లజోడు నుదుటి మీదకు జరిపి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని.

ఒక ఏజెంటు ద్వారా మ్యూచువల్ ఫండ్లలో డబ్బు పెడుతున్నానని ఓసారి గొప్పగా చెప్పాను. ఎంత పెరిగిందని ఆమె అడగలేదు. ఏటా ఎంత కోసుకుంటున్నరు అని అడిగారు. నాకు తెలియదు. ఫండు నడిపే ఖర్చు, అందులోనే ఏజెంటు కమీషన్, మార్కెట్ పడిన ఏడాది కూడా ఆగని ఆ కోత, ఇరవై ఏళ్లకు అదెంత మింగుతుందో కాగితం మీద వేసి చూపించారు.

"పెరుగుతదో లేదో ఎవ్వలకు తెల్వదు బిడ్డా. కోసేది మాత్రం తెలుస్తది. తెలిసేదాన్ని ముందుగాల చూస్కో" అన్నారు. కమీషన్ లేని పద్ధతికి మారడం కూడా ఆమే దగ్గరుండి చేయించారు.

ఆ మరుసటి ఏడాది మా ఆవిడ ఉద్యోగం పోయింది. కంపెనీ వాళ్లు ఇచ్చి పంపిన డబ్బు జాగ్రత్త చేయమని నా చేతికిచ్చింది. నా టీమ్‌లోనూ రోజూ ఎవరో ఒకరి కుర్చీ ఖాళీ అవుతున్న రోజులవి. ఆ భయంలోనే నేను తప్పు చేశాను. లంచ్ టేబుల్ దగ్గర అందరూ ఒక చిన్న కంపెనీ గురించి మాట్లాడుకునేవారు. అమ్మకాలు ఏటా పెరుగుతున్నాయని, కొత్త ప్లాంటు మూడు షిఫ్టులు నడుస్తోందని. మా ఆవిడకు చెప్పకుండా ఆ డబ్బంతా అందులో పెట్టేశాను.

మాటల మధ్య ఆంటీ దగ్గర నోరు జారాను. ప్లాంటు ఎక్కడని అడిగారు. బాలానగర్ అన్నాను. అయితే పోయి చూసొద్దాం అన్నారు.

శనివారం మధ్యాహ్నం నా బైకు మీద వెళ్లాం. గేటుకు ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగుతూ షిఫ్టు మారే వేళ దాకా కూర్చున్నాం. పదిమందికి మించి బయటకు రాలేదు. లోపలికి ఒక్కరూ వెళ్లలేదు. ఆంటీ రోడ్డు దాటి ప్లాంటు గోడ పక్కన కాసేపు నిలబడి తిరిగొచ్చారు.

"మిషన్ల సప్పుడు లేదు. సోమవారం మొత్తం అమ్మెయ్" అన్నారు.

తిరుగు దారంతా హ్యాండిల్ మీద నా చేతులు చెమటకు జారుతూనే ఉన్నాయి. తీరా సోమవారం ధర ఇంకాస్త పెరిగింది. సగం అమ్మి, సగం ఉంచుకున్నాను. ఆ మాట ఆంటీకి చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఆ కంపెనీ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ మధ్యలోనే తప్పుకున్నాడని వార్త వచ్చింది. ఆ పొద్దున మార్కెట్ తెరుచుకుంటూనే షేరు ఆ రోజుకు ఎంతవరకు పడనిస్తారో అంతవరకూ పడి ఆగిపోయింది. అమ్మేవాళ్లే తప్ప కొనేవాడు ఒక్కడూ లేడు. మర్నాడూ అంతే. మా ఆవిడ మామూలుగా పిలిచినా ఉలిక్కిపడేవాణ్ణి. మూడో రోజు పైకి వెళ్లి ఆంటీకి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఇంట్లో తెలుసా అని ఒక్క మాట అడిగారు. తెలియదన్నాను.

"అవి ఆమె పైసలు. ఆమెకు చెప్పకుండ నువ్వొక్కనివే భయపడుడు గూడ దొంగతనమే."

ఆ సాయంత్రమే చెప్పాను. ఇంకా ఎంత పోతుంది అని మాత్రం మా ఆవిడ అడిగింది. తెలియదన్నాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బెల్లు మోగింది. ఆంటీ. వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. ముగ్గురం ఫోను వైపు చూస్తూ ఉండిపోయాం. ఆ రోజూ ఎవరూ కొనలేదు. అలా నాలుగు పొద్దులు ఆమె వచ్చారు. ఏడో రోజు షేర్లు అమ్ముడయ్యాయి. వాటిలో పెట్టినదాంట్లో మూడో వంతు కూడా చేతికి రాలేదు.

మీకెప్పుడూ భయం వేయదా ఆంటీ అని మా ఆవిడే అడిగింది.

"ఎందుకెయ్యదమ్మా? రోజూ ఏస్తది. అందుకే గోడ పక్కకు పోయి ఇనొస్త. భయం లేనోని చేతిల మాత్రం పైసలు పెట్టకు."

మా ఆవిడ నాతో మామూలుగా మాట్లాడటానికి నెలలు పట్టింది. తర్వాత ఆమెకు ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరికీ తెలియకుండా ఏ డబ్బూ కదలదు.

ఆంటీకి కడుపులో గడ్డ అని గత నెలలోనే తెలిసింది. స్కానింగ్ రోజు ఆమె కూతురు బెంగళూరు నుంచి ఇంకా దారిలో ఉంది. దవాఖానకు మేమిద్దరమే తీసుకెళ్లాం. బయట బెంచీ మీద ఆమె మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. డాక్టరు కాగితాల్లో ఏం రాసి ఉందో నన్ను చదివి చెప్పమంటారేమో అనుకున్నాను. ఆమె అడగలేదు.

"భయమైతుంది బిడ్డా. జర ఈడనే ఉండుండ్రి" అన్నారు.

ఇక్కడే ఉంటామన్నాం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్లారు. తలుపు మెల్లగా మూసుకుంటూ ఉంటే, పొట్టిదైన ఆకుపచ్చ దుప్పటి చివర బయటికి కనిపిస్తున్న ఆమె కాలి వేళ్లు రెండు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.