పదిన్నర లోపల గేటు దాటాల్సిన కారు

కొత్త కారు సీటు మీది ప్లాస్టిక్ కవరు ఒలిచినప్పుడు వచ్చే వాసన ఉందే, అది అందరికీ సంబరం, నాకు మాత్రం ఇప్పటికీ పడదు. మొన్న శుక్రవారం వేలూరు షోరూంలో మా అమ్మాయి పక్కన కూర్చుని ఆ వాసన పీలుస్తూంటే నా కళ్లు వాటంతటవే గోడ గడియారం కోసం వెతికాయి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అదీ ఒక శుక్రవారమే, మా నాయన తన మొదటి కారు తెచ్చుకోవడానికి తమిళనాడులోని మా ఊరు గుడియాత్తం నుంచి వేలూరికి బయల్దేరాడు. బజారులో ఆయనకి లుంగీల అంగడి ఉండేది. మధ్యాహ్నానికల్లా కారు అంగడి ముందు నిలబెడతానని వీధంతా చెప్పి వచ్చాడు. మా అవ్వ, అంటే ఆయన తల్లి, పొద్దున్నే పులిహోర కలిపి, డబ్బాకి గుడ్డ చుట్టి, నాలుగు చక్రాలకీ నాలుగు నిమ్మకాయలు, టెంకాయ, కుంకుమ పొట్లం సంచిలో సర్దుకుని మమ్మల్ని మొదటి బస్సుకే తరిమి తానూ ఎక్కింది. ఆమె భయమంతా రాహుకాలం గురించి. శుక్రవారం పదిన్నరకి మొదలై పన్నెండుదాకా ఉంటుంది. ఎప్పుడో మా తాత రాహుకాలంలో ఎద్దుల్ని తోలుకొచ్చాడట, ఆ ఏడే అందులో ఒకటి పోయిందట. ఇంట్లో ఎవరు ఏది కొన్నా ఆ ఎద్దు కథ వినక తప్పేది కాదు.

మావాళ్లకి బయట తెలుగు ఒక తడిక. చీరల అంగట్లో గానీ, కూరగాయల బేరంలో గానీ తమిళంలో నవ్వుతూ మాట్లాడేవారు, అసలు సంగతి మాత్రం తెలుగులో చెప్పుకునేవారు, ఎదుటివాడికి అర్థం కాదన్న ధీమాతో గొంతు కూడా తగ్గించేవారు కాదు. ఆ రోజూ అంతే. టై కట్టుకున్న సేల్స్‌మన్ వణక్కం పెట్టి చల్లటి నీళ్లు ఇస్తూండగానే అవ్వ అతని ముందే తేల్చి చెప్పింది.

"పదిన్నర లోపల బండి గేటు దాటకపోతే నేనెక్కేది లేదు నాయనా. బస్సులోనే పోతా."

"అంత దాకా రానీనులేమ్మా. వాడేమడిగితే అది ఇచ్చేసైనా కదిలిపోదాం," అన్నాడు నాయన.

ఆ తరువాత కారు బీగాలు, అంటే తాళంచెవులు, తప్ప తక్కినవన్నీ వచ్చాయి. సీటు కవర్లు, అడుగున తుప్పు పట్టకుండా పూసే పూత, పైన రంగు వెలిసిపోకుండా ఇంకో పూత. నాయన వద్దన్న ప్రతిసారీ అతను, మేనేజర్ని అడిగొస్తా సార్, అయిదే నిమిషాలు అని తమిళంలో మర్యాదగా చెప్పి అద్దాల గదిలోకి పోయేవాడు, పోయినవాడు పావుగంటకి గానీ వచ్చేవాడు కాదు. అంత ఏసీలోనూ నాయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అవ్వ కుంకుమ పొట్లం విప్పుతూ, మళ్లీ చుడుతూ కూర్చుంది. పదీ ఇరవైకి అతను అన్నీ కలిపి రాసిన కాగితం తెచ్చి, పెన్ను మూత తీసి మరీ నాయన చేతికిచ్చాడు. నాయన అది చదవకుండానే సంతకం చోటు వెతుక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"వీని మొగం చూడరా, ఉప్పులో ఊరేసిన వంకాయ మాదిరి ఉండాది," అంది అవ్వ సేల్స్‌మన్ని చూపిస్తూ, కసి పట్టలేక.

అతని పెదవి కొస కదిలింది. వస్తున్న నవ్వుని మింగేశాడు. నేను చూశాను, నాకంటే ముందు అవ్వ చూసింది.

"నీది యా ఊరప్పా?" అంది తీరిగ్గా, తెలుగులోనే.

"ఒడుగత్తూరు పక్కన, అవ్వా," అని తెలుగులోనే అనేసి, నాలుక కరుచుకున్నాడు.

పొద్దుటినుంచీ మా మాటలన్నీ, ఆ పదిన్నర భయంతో సహా, విన్నాడన్నమాట. నాయన పెన్ను బల్ల మీద పెట్టాడు గానీ, ఆ పైన ఏం చెయ్యాలో ఆయనకీ తోచలేదు. గడియారం ఇంకా అతని పక్షానే ఉంది. అప్పుడు అవ్వ చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుని, సోఫా మీద మఠం వేసుక్కూర్చుంది.

"రాహుకాలం యాడో లేదురా, వీని పెన్నులో ఉండాది. నువ్వు సంతకం పెట్టొద్దు. పదకొండైనా కానీ, నేనెక్కుతా."

ఇక అతని చేతిలో ఏమీ మిగల్లేదు. పదకొండుకి అయిదు నిమిషాలుందనగా, ఆ కవర్లూ పూతలూ ఏవీ లేకుండానే బీగాలు వచ్చాయి. తల వంచుకుని అవి ఇస్తున్న మనిషితో అవ్వ, "తెలుగోడినని ముందే చెప్పింటే పులిహోర పెట్టింటాను గదప్పా," అంది. అది ఎత్తిపొడుపో, నిజంగానే అందో నాకిప్పటికీ తెలీదు.

నిమ్మకాయలు తొక్కించి కారు గేటు దాటింది. ముందు సీట్లో అవ్వ, ఆమె ఒళ్లో నేను. దారిలో కె.వి.కుప్పం దాటేదాకా ఆమె చెయ్యి నా మోకాలి మీద బిగుసుకునే ఉంది. లారీ ఎదురొచ్చినప్పుడల్లా గోళ్లు దిగేవి. ఎద్దు కథ మాత్రం ఆమె నోట మళ్లీ వినలేదు.

ఆ కారు పోయింది, లుంగీల అంగడి పోయింది, అవ్వ పోయి కూడా చాలా కాలమైంది. మొన్న వేలూరు షోరూంలో ఈ సేల్స్‌మన్ ట్యాబ్ మీద వేలితో జరుపుతూ అవే కవర్లు, అవే పూతలు చూపిస్తూంటే, పాత అలవాటు కొద్దీ అతని ముందే మా అమ్మాయితో తెలుగులో అన్నాను.

"వీడు మనల్ని మాటల్లో పెడతాండాడు, లేద్దాం పద."

"ఎన్నమ్మా? తమిళ్ల సొల్లు," అంది అది. తమిళంలో చెప్పాలట. దానికి తెలుగు రాదు, నేర్పనిది నేనే.

నేను ఆ సేల్స్‌మన్ పెదవి వంక చూశాను. కొస కాస్త కదిలితే బాగుండునని చాలాసేపు చూశాను. కదల్లేదు.