గోడ అవతలి పాస్‌వర్డ్

ఆ రోజుల్లో గుడియాత్తంలోని మా వీధి మొత్తానికి కంప్యూటర్ ఉన్నది మా ఇంట్లోనే. వేలూరులో ఏదో ఆఫీసువాళ్ళు వద్దనుకున్న పాతదాన్ని, కట్టుబడి మేస్త్రీ అయిన మా నాయన మోసుకొచ్చాడు. ఉబ్బసం వల్ల నేను బడికి పోలేదు. నాయనే ఇంట్లో చదువు చెప్పాడు. "గట్టిగా పలకాలమ్మా, నోరు మూసుకోని చదివేది చదువా?" అనేవాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు (మా ఇంటికి ఉత్తరం వస్తే అందులోని సంగతి వీధికంతా తెలిసేది). మా అవ్వకు అక్షరం రాదు, కానీ దేవుడి మీద సొంతంగా పాటలు కట్టేది. ఆమె పాడుతుంటే నలభై పాటలు ఆ కంప్యూటర్‌లో ఎక్కించాను. అవ్వ పోయాక అవి మరెక్కడా లేవు.

అప్పుడే ఇంటర్నెట్ పెట్టించుకున్నాం. చూడటానికి వచ్చిన వేలూరు మామ, "జాగర్త పాపా, హ్యాకర్లని ఉండారు. యాడో కూర్చోని నీ ఫైళ్ళకి బీగం వేసేస్తారు" అన్నాడు.

"అవ్వ పాటలకి కూడానా మామా?"

"వాళ్ళకి పాటేంది, పద్దేంది? అన్నిటికీదా!"

ఇక నేను నడుం బిగించాను. యాంటీవైరస్ వేయించాను. ముక్కూమొహం తెలియని మెయిలేదీ తెరవలేదు (అందులో నాకొచ్చిన పెళ్ళిసంబంధం కూడా ఒకటుందని నాయన నాలుగు రోజులు అలిగాడు). పని కాగానే నెట్ తీగ పీకేసేదాన్ని. పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, మామ వద్దన్నాడని కాగితం మీద కూడా రాయలేదు.

తర్వాత టైఫాయిడ్ వచ్చి రెండు వారాలు వేలూరు ఆసుపత్రిలో ఉన్నాను. దేవుడి దయవల్ల లేచి ఇంటికొచ్చాను గానీ, ఆ పదహారు అక్షరాల్లో ఒక్కటీ గుర్తులేదు. మర్నాడే అవ్వ ఏడాది ప్రార్థన. అరక్కోణం నుంచి చుట్టాలొస్తున్నారు, అవ్వ పాటలే పాడాలి. పొద్దున్నుంచి పంచలో కంప్యూటర్ ముందు కూర్చుని ఏవేవో కొట్టి చూశాను. ఏ హ్యాకరూ రాకముందే బీగం నేనే వేసి, తాళంచెవి నేనే పారేసుకున్నాను. కళ్ళు మూసుకుని, "తండ్రీ, నా తెలివికి కాదు, అవ్వ మొహం చూసైనా..." అని వేడుకున్నాను.

గోడ అవతల, అగ్గిపెట్టెలకు అట్టలు మడిచి అంటించే పెద్దమ్మ గొంతు వినబడింది. "ఏమ్మే, వచ్చినావా? నీ మంత్రం వినపళ్ళేదే? అదుంటేదా నాకు చెయ్యి ఆడేది."

"ఏం మంత్రం పెద్దమ్మా?"

"దినామూ చెప్తావు గదా! పెద్ద జీ, చిన్న యూ, ఏడు, నక్షత్రం, చిన్న ఎమ్..."

ఇంగ్లీషు అక్షరమెలా ఉంటుందో ఎరగని మనిషి, అట్ట మడిచి అంటించే తాళానికి నా పాస్‌వర్డ్ సరిగ్గా వల్లిస్తోంది! నా వేళ్ళు అందుకోలేకపోయాయి. "ఆగు పెద్దమ్మా, ఏడు తర్వాత?"

"నడుమ నుంచి రాదుమే, మొదట్నుంచిదా వస్తుంది!"

మూడోసారికి తెర తెరుచుకుంది. నలభై పాటలూ ఉన్నాయి. నేను స్తోత్రం చెప్పుకుంటుంటే నాయన పడీపడీ నవ్వాడు. "ఆ హ్యాకర్లు మన వీధిలో బాడుగకి దిగుంటే చాలమ్మా, ఒక్క పొద్దుటికి పనైపోతా ఉండె!"

ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాను, చున్నీ నోట్లో కుక్కుకుని.

ఇప్పుడా పాటలు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. ఫోను నా వేలిముద్రకే తెరుచుకుంటుంది. పెద్దమ్మ లేదు. అయినా పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నా పెదవులు కదులుతూనే ఉంటాయి. ఎవరూ వినకూడదని అంత పట్టుబట్టి, వీధంతా వినేట్టు రోజూ అరిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వుకుంటాను. ఆ తర్వాత గోడ వైపు ఓసారి చూస్తాను.