ఇరవై సెకన్ల నాటు పాట

మా ఇంట్లో పాట వినేవాళ్లే తప్ప పాడేవాళ్లు ఎప్పుడూ లేరు. తాతగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, పాడేవాళ్లు మెట్ల కింద నిలబడేవారు. పాట అయ్యాక ఇత్తడి పళ్లెంలో చీరో పంచో పెట్టి ఇచ్చేవారు. ఆ భూములూ ఆ వరండా నా చేతికి రాకముందే పోయాయి. నాకు మిగిలినవి ఆ పళ్లెం, నిటారుగా కూర్చునే అలవాటు, మంచి చెవి.

ఆ చెవి నమ్ముకునే బీజాపూర్‌లో ఒక చిన్న బడిలో శనివారాలు సంగీతం చెబుతున్నాను. నేను పాడను. రికార్డుల్లోంచి చిన్న ముక్కలు వినిపించి, తాళం ఎక్కడ పడుతోందో పిల్లల చేత చెప్పిస్తాను. ఈ వానాకాలం, పని చేసే చేతులు తాళం ఎలా వేస్తాయో చెప్పాలనుకున్నాను. అందుకు తగిన ముక్క నా ఫోన్లో ఒక్కటే ఉంది. నిరుడు మద్దేడు దగ్గర బస్సు చెడిపోయి ఆగినప్పుడు, పక్క పొలంలో వరి నాట్లు వేస్తూ ఒక పెద్దావిడ పాడిన నాటు పాట. ఇరవై సెకన్లు. నారు బురదలో దిగే చప్పుడే దానికి తాళం.

"ఆవిడను అడగకుండా ఎలా వాడను?" అన్నాను హెడ్మాస్టరుతో.

"అరే సర్, పఢాయీకి చట్టంలో ఛూట్ ఉంది. చదువు కోసమైతే అడగక్కర్లేదు. చిన్న ముక్క, అదీ క్లాసులో. ఎవరడుగుతారు మిమ్మల్ని?"

"నేనే అడుగుతాను."

శుక్రవారం పొద్దున్నే పళ్లెంలో చీర పెట్టుకుని మద్దేడు బస్సెక్కాను. ఆవిడ అదే పొలంలో, అదే వరుసలో ఉంది. గట్టు మీద నిలబడి పళ్లెం చాచాను.

"ఏంది దొరా, నాకు పెండ్లి సంబంధం తెచ్చినవా?"

వరుస వరుసంతా నడుము ఎత్తి నవ్వింది. నేను నవ్వకుండా, హెడ్మాస్టరు చెప్పిన చట్టంతో సహా, విషయం చెప్పాను. పాట పిల్లలకు వినిపించాలి, మీరు వద్దంటే ఇప్పుడే తుడిచేస్తాను అన్నాను. ఫోను తీసి వినిపించాను కూడా. ఆవిడ తల పక్కకు వంచి చివరిదాకా వింది.

"ఇది సగమే గదా. మేం ఎత్తుకుంటం, ఎదుటి వరుస బదులు పాడతది. బదులు రాకముందే ఆపినవ్."

ఏడాదిగా వింటున్నాను ఆ ముక్కను. చివర గొంతు పైకి లేచి అక్కడే నిలిచిపోవడం గొప్ప సొగసని నోట్సులో రాసుకున్నాను కూడా.

"ఈ పళ్లెం నాకెరికే. మీ తాత ముంగట మా అమ్మ పాడేది. ఆయన గూడ చీరనే ఇచ్చిండు, బదులు ఒక్కనాడు పాడలే. చీర నువ్వే ఉంచుకో. దిగు. బదులు పాడినంకనే మా పాట తీస్కపో."

శనివారం పాఠం ఆ బురద అవతల ఉంది. పంచె ఎగ్గట్టి దిగాను. ఎదుటి వరుసలోని ఆడవాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. ఒక్కో మాటా వాళ్లు అందిస్తే నేను పాడాను. నా గొంతు ఎత్తుగా మొదలై నడుమ కూరుకుపోయింది, నా కాళ్లలాగే. ఆవిడ కోడలు గట్టు మీదికెక్కి ఫోను పట్టుకుని నిలబడింది.

"అదెందుకమ్మా?" అన్నాను.

"చదువు కోసమే సార్. ఇరవై సెకన్లే."

రెండు వరుసల నవ్వూ ఆగడానికి చాలాసేపు పట్టింది. తీరా చూస్తే నవ్వేవాళ్లలో నేనూ ఉన్నాను. వెళ్లేటప్పుడు ఆవిడ చీర నా భుజాన వేసి, పళ్లెంలో నారు కట్ట పెట్టింది. "ఉత్త పళ్లెం తీస్కపోవద్దు."

మర్నాడు బడి వెనక తడి నేలలో పిల్లలను రెండు వరుసలుగా నిలబెట్టి, తలా నాలుగు మొక్కలు పంచాను. ఆవిడ పాట వినిపించాను. ఇరవై సెకన్లకు ఫోను ఆగింది. పిల్లలు అలవాటుగా తాళం గురించి చెప్పబోయారు. నేను ఆగమని చెయ్యి చూపించి, బదులు ఎత్తుకున్నాను.

హెడ్మాస్టరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సర్, మీరు పాడరు గదా?"

జవాబు చెప్పే తీరిక లేదు. ఎదుటి వరుస అప్పటికే అందుకుంది.